అమ్మకి 67 ఏళ్లు, 128 ప్రశ్నలు: అమెరికా సిటిజన్‌షిప్ పరీక్ష న్యాయమేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమ్మగారికి 67 ఏళ్లు, ఆరేళ్లుగా డల్లాస్‌లో మీ అన్నయ్య దగ్గర గ్రీన్ కార్డు మీద ఉంటున్నారు, తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివారు. ఇప్పుడు సిటిజన్‌షిప్‌కి ఎన్-400 అనే దరఖాస్తు ఫారం వేద్దామంటే 128 ప్రశ్నలు చదువుకోవాలన్నారట. ఇదంతా ముసలివాళ్లని ఏడిపించడం తప్ప మరేం కాదని అన్నయ్య, ఒక దేశం పౌరసత్వం ఊరికే చేతిలో పెడతారా అని బావగారు. మీరు కూకట్‌పల్లిలో కూర్చుని ఇద్దరి మధ్యా నలిగిపోతూ, అసలు ఇలాంటి పరీక్షలు న్యాయమేనా, వాటివల్ల ఎవరికైనా ఉపయోగం ఉందా అని అడిగారు.

నేను ఇంగ్లిష్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను, వనస్థలిపురంలో ఉంటాను. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లని, పెళ్లి చేసుకుని వెళ్లే అమ్మాయిలని, అబ్బాయిలని ఇలాంటి పరీక్షలకి తయారు చేయడం చాలా ఏళ్లుగా నా పని, కొందరిని ఇంటి దగ్గర, ఎక్కువమందిని వీడియో కాల్‌లో. లాయర్ని మాత్రం కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు చదివినా మానేసినా పర్లేదు: పరీక్ష పెట్టడం అన్యాయం కాదు, అందులో ప్రశ్నలు సగం పనికిరానివైనా సరే. అన్యాయం ఉన్నది మినహాయింపుల్లో. ఎవరిని పరీక్ష లేకుండా వదిలేస్తున్నారు, ఎవరిని వదలట్లేదు అన్నది చూస్తే ఏ దేశం మనసులో ఏముందో తెలిసిపోతుంది. మీ అన్నయ్య కోపం సరైనదే గానీ తప్పుడు చోట చూపిస్తున్నాడు.

ముందు పరీక్ష సంగతి. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకి కొత్త పద్ధతి. అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద 128 ప్రశ్నల జాబితా ముందే ఇస్తారు, జవాబులతో సహా. ఇంటర్వ్యూలో ఆఫీసరు అందులోంచి 20 దాకా నోటితో అడుగుతాడు, 12 చెప్తే చాలు, 12 రాగానే ఆపేస్తాడు, 9 తప్పయినా ఆపేస్తాడు. అంతకుముందు 2008 నుంచీ నడిచిన పద్ధతిలో 100 ప్రశ్నలు, 10 అడిగితే 6 చెప్పాలి. దీనికి తోడు ఇంగ్లిష్ పరీక్ష: మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదవాలి, మూడింట్లో ఒకటి సరిగ్గా రాయాలి, మాట్లాడటం ఇంటర్వ్యూలోనే చూస్తారు. ఫెయిలైన భాగం వరకు 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ ఒకసారి అవకాశం ఇస్తారు. ఫీజు కాగితం మీద వేస్తే 760 డాలర్లు, ఆన్‌లైన్‌లో 710. పాత పద్ధతిలో మొదటిసారికే పదిమందిలో తొమ్మిదిమంది దాకా పాసయ్యేవారు కాబట్టి, ఏడిపించడానికే పెట్టారన్న మాట లెక్కలకి నిలబడదు.

128 అనగానే అమ్మగారు హడలిపోయి ఉంటారు. ఆ భయం అక్కర్లేదు. విష్ణు సహస్రనామం చూడకుండా చదివే ఆడవాళ్లు నా దగ్గరికి ఎంతమంది వచ్చారో, వాళ్లకి 128 ఒక లెక్కా. వాళ్లు ఇరుక్కునేది అక్కడ కాదు. సూర్యాపేట వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు, అరవై దాటినావిడ, పాత వంద ప్రశ్నలూ నోటికి వచ్చేసినవి. రాజ్యాంగానికి సవరణలు ఎన్ని అని నేను ఇంగ్లిష్‌లో అడగడం పూర్తవకముందే ‘ట్వెంటీ సెవెన్’ అనేవారు. ప్రతినిధుల సభలో ఓటున్న సభ్యులు ఎంతమంది అంటే ‘ఫోర్ థర్టీ ఫైవ్’. ఒకరోజు ఇంటర్వ్యూ ఎలా మొదలవుతుందో చూపిద్దామని లేచి నిలబడి, ఆఫీసరులా చేయి చూపిస్తూ, ‘ఆఫీసు కనుక్కోవడం కష్టమైందా, ఎవరితో వచ్చారు’ అని ఇంగ్లిష్‌లోనే అడిగాను. ఆవిడ చీర కొంగు సర్దుకుని, కాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా ‘అబ్రహాం లింకన్’ అన్నారు. పక్కన మనవడు పడీపడీ నవ్వాడు, ఆవిడ కూడా నవ్వారు గానీ కళ్లలో టెన్షన్ మాత్రం తగ్గలేదు.

ఎందుకంటే ఆ పిచ్చాపాటీలాంటి మాటలే అసలు ఇంగ్లిష్ పరీక్ష. తర్వాత ఎన్-400 ఫారంలో మీరు ఇచ్చిన జవాబుల్నే ఆఫీసరు మళ్లీ ఒక్కొక్కటీ అడుగుతాడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, పన్ను కట్టకుండా ఎగ్గొట్టారా, ఏదైనా నియంతృత్వ పార్టీలో ఉన్నారా, ఎవరినైనా హింసించారా, చట్టం అడిగితే దేశం కోసం ఆయుధం పట్టడానికి సిద్ధమేనా. ఈ చివరిది 67 ఏళ్ల మనిషిని అడుగుతారు, అవును, సీరియస్‌గానే. అవునో కాదో చెప్పేస్తే సరిపోదు, ఒక్కోసారి దాని అర్థమేంటో చెప్పమంటారు. బడిలో పిల్లలు కూడా వినని మాటలు అవి. ఆ 128 ప్రశ్నలకి జాబితా ఉంది, దీనికి జాబితా లాంటిది ఆ ఫారమే, కానీ పిల్లలు దాన్ని నింపేసి సంతకం పెట్టించి దాచేస్తారు, పెద్దవాళ్లు అందులో ఏముందో ఇంటర్వ్యూ గదిలోనే మొదటిసారి వింటారు. ఇది అమెరికా చేసిన అన్యాయం కాదు, మన ఇళ్లలో జరిగే అన్యాయం. అన్నయ్యతో ఈ మాట చెప్పండి.

ఇప్పుడు మినహాయింపుల దగ్గరికి వద్దాం, ఇక్కడే నాకు ఒళ్లు మండేది.

అమెరికాలో పెద్దవాళ్లకి వెసులుబాటు ఉంది, లేకపోలేదు. 50 దాటి గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు, లేదా 55 దాటి 15 ఏళ్లు ఉంటే ఇంగ్లిష్ పరీక్ష మాఫీ, చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే చెప్పొచ్చు. 65 దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లకి ఇంకా సుళువు, 20 ప్రశ్నలు చదువుకుంటే చాలు, అందులో 10 అడిగితే 6. వినడానికి బాగుంది కదా. మీ అమ్మగారికి లెక్క కట్టండి. ఆవిడ 61వ ఏట వెళ్లారు. తెలుగులో చెప్పే వీలు రావాలంటే 76 నిండాలి. ఆ 20 ప్రశ్నల వెసులుబాటు రావాలంటే 81. అంటే, ముప్ఫై ఏళ్లప్పుడు వెళ్లి, అక్కడే ఉద్యోగం చేసి, ఇంగ్లిష్‌లోనే బతికినవాళ్లకి ముసలితనంలో ఇంగ్లిష్ మాఫీ. పిల్లలు పిలిస్తే అరవై దాటాక వెళ్లి, ఇంట్లో మనవల్ని చూసుకుంటూ, తెలుగు తప్ప ఇంకో మాట వినని మనిషికి మాఫీ లేదు. ఎవరికి అవసరమో వాళ్లకి తప్ప అందరికీ దక్కే సాయం ఇది. ఈ ఏళ్ల లెక్క లేకుండా మాఫీ రావాలంటే వైద్య కారణం ఉండాలి, ఎన్-648 అని డాక్టరు నింపి ఇచ్చే ఫారం ఒకటుంది, మతిమరుపు జబ్బు లాంటివి ఉంటే దానికి విలువ. ‘వయసైపోయింది, బుర్రకెక్కట్లేదు’ అంటే ఒప్పుకోరు. ఆ ఫారం తేలిగ్గా దొరుకుతుందని చెప్పే మధ్యవర్తులకి దూరంగా ఉండండి.

ఇదే మనిషి కెనడాలో ఉండుంటే? 55 దాటినవాళ్లకి భాషా అక్కర్లేదు, పరీక్షా లేదు. ఆస్ట్రేలియాలో 60 దాటితే పరీక్ష లేదు. బ్రిటన్‌లో 65 దాటితే లేదు. ఈ మూడు దేశాలూ వయసు చూస్తాయి, అమెరికా ఎన్నేళ్లు అక్కడ ఉన్నారో కూడా చూస్తుంది. మీ అన్నయ్య తిట్టాల్సింది దీన్ని, 128ని కాదు.

రెండో రకం మినహాయింపు ఇంకా ఘాటైనది, పాస్‌పోర్టు రంగు చూసేది. అది పౌరసత్వం దాకా కూడా వెళ్లక్కర్లేదు, వీసా దగ్గరే మొదలవుతుంది. జర్మనీలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లాలంటే 2007 నుంచీ మన అమ్మాయిలు ఎ1 స్థాయి (మొదటి మెట్టు) జర్మన్ పాసవ్వాలి. బంజారా హిల్స్‌లో గోథె జెంట్రమ్ క్లాసులకి వెళ్లే వాళ్లలో ఇలా వెళ్లేవాళ్లూ ఉంటారు. అదే ఆ భర్త అమెరికా, జపాన్, కొరియా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మీద ఉంటే ఆ పరీక్ష లేదు. భర్తకి బ్లూ కార్డు (నిపుణులైన ఉద్యోగులకి ఇచ్చే అనుమతి) ఉన్నా లేదు, అంటే జీతం ఎక్కువైతే భాష అక్కర్లేదన్నమాట. నెదర్లాండ్స్ 2006 నుంచి భార్యాభర్తలకి, బయలుదేరే ముందే, సొంత దేశంలోనే డచ్ భాషా ఆ దేశపు సంగతులూ పరీక్ష పెడుతోంది. అక్కడా ఇదే వరస, అమెరికా వాళ్లకీ జపాన్ వాళ్లకీ వద్దు, మనకి కావాలి. టెక్సాస్‌లో పుట్టినవాడికి డచ్ సమాజం గురించి పుట్టుకతోనే తెలిసిపోతుందా? పరీక్ష అందరికీ అవసరమైతే అందరికీ పెట్టండి, అక్కర్లేకపోతే ఎవరికీ వద్దు. కొందరికే పెట్టినప్పుడు అది జ్ఞానానికి పరీక్ష కాదు, గేటు దగ్గర కాపలా.

గేటు కాపలాకి పరీక్షని వాడుకోవడం కొత్తేం కాదు, ఇందులో మనవాళ్ల చరిత్రే ఎక్కువ. 1897 జనవరిలో గాంధీగారు డర్బన్‌లో ఓడ దిగగానే తెల్లవాళ్ల గుంపు మీద పడి కొట్టింది కదా, ఆ ఏడాదే డర్బన్ ఉన్న నేటాల్ అనే దక్షిణాఫ్రికా బ్రిటిష్ వలసలో ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: దేశంలోకి రావాలంటే ఏదో ఒక యూరప్ భాషలో దరఖాస్తు రాయగలగాలి. అందులో భారతీయులు అన్న మాట ఎక్కడా ఉండదు. ఆపాలనుకున్నది మాత్రం వాళ్లనే. బ్రిటిష్ వలసల మంత్రి చాంబర్లేన్‌కి ఈ ఉపాయం ఎంత నచ్చిందంటే మిగతా వలసలకీ ఇదే పద్ధతి సూచించాడు. 1901లో ఆస్ట్రేలియా దాన్ని అందిపుచ్చుకుంది. ఆఫీసరు 50 పదాలు చదువుతాడు, మీరు రాయాలి, ఏ యూరప్ భాషలో అన్నది ఆయనిష్టం. ఇంగ్లిష్ వచ్చినవాడికి జర్మన్‌లో, జర్మన్ కూడా వస్తే ఇంకోదాంట్లో. 1934లో కిష్ అనే చెక్ రచయిత వచ్చాడు, ఆయనకి చాలా భాషలు వచ్చు, అందుకని స్కాట్లండ్ గేలిక్‌లో పెట్టారు! కోర్టుకి వెళ్తే అది చట్టంలో చెప్పిన యూరప్ భాష కిందికి రాదని తేలింది, అది వేరే విషయం. 1909 తర్వాత ఆ పరీక్ష ఒక్కరు కూడా పాసవ్వలేదు, 1958లో గానీ తీసేయలేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్లకి ఓటు రాకుండా ఇలాంటి చదువు పరీక్షలే దశాబ్దాల పాటు వాడారు, 1965 ఓటు హక్కు చట్టం వచ్చే దాకా. మనవాళ్లకైతే ఒకప్పుడు అక్కడ పౌరసత్వ పరీక్షకి కూర్చునే అర్హతే లేదు: 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారు కాబట్టి పౌరులు కాలేరంది. ఆ తలుపు తెరుచుకున్నది 1946లో.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ పరీక్షలకీ ఇవాళ్టి 128 ప్రశ్నలకీ తేడా ఒక్కచోట ఉంది. ప్రశ్న ముందే తెలుసు, జవాబు ముందే తెలుసు, ఎన్ని చెప్తే పాసో తెలుసు. గేలిక్‌లో అడిగే అధికారం ఆఫీసరుకి లేదు. బట్టీ పరీక్ష అని వెక్కిరించేవాళ్లు ఇది గమనించరు. బట్టీ పట్టగలిగిన పరీక్షలో మీ మొహం నచ్చకపోయినా మిమ్మల్ని ఫెయిల్ చేయడం కష్టం, అది బలహీనుడికి రక్ష.

పరీక్ష లేకుండా మనుషుల విచక్షణకి వదిలేస్తే ఎలా ఉంటుందో స్విట్జర్లాండ్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడ కొన్ని ఊళ్లలో ఎవరికి పౌరసత్వం ఇవ్వాలో ఊరివాళ్లే ఓటేసి తేల్చేవారు. 2000లో ఎమ్మెన్ అనే పట్టణంలో అలా ఓటేస్తే ఇటలీ నుంచి వచ్చినవాళ్లకి ఒప్పుకుని, యుగోస్లావియా వైపు నుంచి వచ్చినవాళ్లని కాదన్నారు. కాగితాల మీద రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. 2003లో అక్కడి ఫెడరల్ కోర్టు ఇలా బ్యాలెట్ పెట్టి కాదనడం చెల్లదని కొట్టేసింది. తర్వాత ఇంకో ఊళ్లో, ఆవుల మెడలో గంటలు మంచివి కావని ప్రచారం చేసిందని, చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగిన ఒకావిడ దరఖాస్తుని రెండుసార్లు తిరగ్గొట్టారు. చివరికి పైవాళ్లు కలగజేసుకుని ఇప్పించారు. మన కాలనీ అసోసియేషన్ మీటింగులో కొత్త కిరాయిదారు గురించి జరిగే చర్చలు విన్న ఎవరికైనా ఇది వింతగా అనిపించదు. నన్నడిగితే అలాంటి ఓటు కంటే 128 ప్రశ్నలు నయం, వెయ్యి రెట్లు నయం.

హైదరాబాద్ వాళ్లం ఈ లోపలివాడు బయటివాడు గొడవ మనకి తెలియనిది కాదు కదా. నిజాం కాలంలో 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం ఇక్కడ సర్కారీ నౌకరీ కావాలంటే ఇక్కడివాడై ఉండాలి, లేదంటే 15 ఏళ్లు ఉండి, ఇక్కడే ఉండిపోతానని చూపించాలి. గోల్కొండ ఎవరు కట్టారని ఎవరూ అడగలేదు. ఏళ్లు లెక్కపెట్టారు, సర్టిఫికెట్ చూశారు. దాంతో ఏమైంది? దొంగ ముల్కీ సర్టిఫికెట్లు వచ్చాయి, 1952లో సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా వెళ్లింది. ఏళ్లు లెక్కపెట్టడం కూడా పరీక్ష కంటే శుభ్రమైన పద్ధతేం కాదని చెప్పడానికే ఈ మాట.

మన దేశ చట్టం ఏమంటుందో కూడా బావగారికి చెప్పండి, ఆయన ఆశ్చర్యపోతారు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం విదేశీయుడు ఇక్కడ పౌరుడు కావాలంటే దరఖాస్తుకి ముందు ఏడాది, దానికి ముందు 14 ఏళ్లలో 11 ఏళ్లు ఉండాలి, నడవడిక బాగుండాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏదో ఒక భాష తగినంత తెలిసి ఉండాలి. తెలుగు చాలు. ప్రశ్నల జాబితా లేదు, పాస్ మార్కులు లేవు. వినడానికి ఉదారంగా ఉంటుంది, కానీ ‘తగినంత’ అంటే ఎంత, ‘నడవడిక బాగుండటం’ అంటే ఏంటి అన్నది కాగితం చూసే అధికారి చేతిలో ఉంటుంది. దరఖాస్తు కలెక్టరు దగ్గర మొదలై రాష్ట్రం మీదుగా కేంద్ర హోం శాఖకి వెళ్తుంది. ఏం చదువుకుని వెళ్లాలో తెలిసిన పరీక్ష కావాలా, ఏం చూస్తారో తెలియని విచారణ కావాలా అంటే నేను మొదటిదే అంటాను.

సరే, ఉపయోగం ఉందా?

పరీక్ష వల్ల మంచి పౌరులు తయారవుతారు అన్నది నేను నమ్మను. 2018లో అమెరికాలో ఒక సంస్థ, పేరు వుడ్రో విల్సన్ ఫౌండేషన్, ఇవే తరహా ప్రశ్నలు అక్కడి పెద్దవాళ్లని అడిగితే, అదీ నాలుగు ఆప్షన్లు ఇచ్చి అడిగితే, పాసయింది 36 శాతం మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అధ్యక్షుడెవరు అన్నది కూడా అప్పటి వంద ప్రశ్నల జాబితాలో ప్రశ్నే, జవాబు వుడ్రో విల్సనే. పుట్టినవాళ్లకి రాదు కాబట్టి వచ్చినవాళ్లని అడగకూడదని కొందరంటారు. అరిజోనా 2015లో దీన్ని తిప్పి ఆలోచించింది, హైస్కూలు పిల్లలు కూడా ఇదే పరీక్ష పాసవ్వాలని చట్టం చేసింది, అది నాకు నచ్చింది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర నిలబడి తెలంగాణ అసెంబ్లీలో ఎంతమంది సభ్యులని అడగండి, 119 అని ఎంతమంది చెప్తారో చూద్దాం. 2020లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో మన నగరంలో సగం మంది కూడా ఓటేయలేదు, వాళ్లందరి పౌరసత్వం భేషుగ్గా ఉంది.

ప్రశ్నలు ఎంత పనికిమాలినవిగా తయారు చేయొచ్చో బ్రిటన్‌ని చూడాలి. ‘లైఫ్ ఇన్ ద యూకే’ అని 2005లో మొదలైంది, 24 ప్రశ్నలు, 45 నిమిషాలు, 18 రైటవ్వాలి, 50 పౌండ్లు. 2013లో పుస్తకం మార్చి చరిత్ర దండిగా ఎక్కించారు. లండన్‌లో మొదటి భారతీయ హోటల్ 1810లో షేక్ దీన్ మహమ్మద్ అనే మన పట్నాలో పుట్టిన ఆయన పెట్టాడు, జార్జ్ స్ట్రీట్‌లో, హిందుస్తానీ కాఫీ హౌస్ అని, అదంతా ఉంది. చదవడానికి సరదాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ అమెరికాలో పుట్టి, ఆ పరీక్ష రాసి బ్రిటిష్ పౌరుడైన ప్రొఫెసర్ థామ్ బ్రూక్స్ అదే ఏడాది ఒక నివేదిక రాసి ఎత్తిచూపాడు: లండన్ ఐ చక్రం ఎత్తెంతో తెలియాలి, ఆ హోటల్ పెట్టిన ఏడాది తెలియాలి, ఆపద వస్తే 999కి ఫోన్ చేయాలని మాత్రం తెలియక్కర్లేదు. పాత పుస్తకంలో ఉన్న డాక్టరు దగ్గర పేరు నమోదు, నేరం జరిగితే ఎవరికి చెప్పాలి లాంటివి తీసేశారు. 2022లో అక్కడి ప్రభువుల సభ కమిటీ కూడా ఈ పరీక్షని గట్టిగానే తప్పుపట్టింది. లండన్ దగ్గర స్లౌలో ఉంటున్న నా పాత విద్యార్థి ఒకడు దానికి తయారవుతూ ఫోన్ చేసి, ‘మేడం, ఎనిమిదో హెన్రీకి ఆరుగురు పెళ్లాలు, వరసగా పేర్లు చెప్పనా, మా వార్డు కౌన్సిలర్ పేరు మాత్రం తెలియదు’ అన్నాడు.

అయితే నేను చూసిన మేలు ఒకటుంది, అది పరీక్షలో కాదు, దానికోసం చదవడంలో. కూతురు నింపిన కాగితం మీద సంతకం పెట్టడమే తప్ప పెన్ను పట్టని ఆడవాళ్లు, పరీక్ష ఉందన్న ఒక్క కారణంతో ఇంట్లో గంటసేపు ‘నన్ను డిస్టర్బ్ చేయకండి’ అని తలుపేసుకుని కూర్చోవడం చూశాను. సూర్యాపేట ఆవిడ చెప్పాను కదా, ఆవిడ ఇంటర్వ్యూ కోసం చిన్న చిన్న మాటలు నేర్చుకున్నాక, అక్కడ క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయితో కోడలు లేకుండా మాట్లాడి అపాయింట్‌మెంట్ మార్చుకున్నారట. నాకు పరీక్ష పాసైన కబురు కంటే అదే గొప్పగా చెప్పారు. కాబట్టి పరీక్ష పెట్టే దేశం పాఠం కూడా చెప్పాలి. జర్మనీ వలస వచ్చినవాళ్లకి మామూలుగా 600 గంటల భాషా పాఠాలు పెడుతుంది, కెనడా శాశ్వత నివాసులకి ఉచితంగా క్లాసులు చెప్తుంది. అమెరికాలో ఆ భారం చాలావరకు లైబ్రరీల మీద, స్వచ్ఛంద సంస్థల మీద, ఇదిగో, పిల్లల మీద పడుతుంది.

జవాబు పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందన్నది మాత్రం ఓ కంట కనిపెట్టాల్సిందే. సెనేటరు ఎవరికి ప్రతినిధి అన్న ప్రశ్నకి 2008 జాబితాలో జవాబు: ఆ రాష్ట్ర ప్రజలందరికీ. 2020 డిసెంబర్‌లో కొత్త పరీక్ష తెచ్చినప్పుడు అది ‘ఆ రాష్ట్ర పౌరులకి’ అని మారింది. అంటే గ్రీన్ కార్డు మీద పన్నులు కడుతున్న మీ అమ్మగారు, సొంతంగా ఆ జవాబు చెప్తూ, తనని తానే లెక్కలోంచి తీసేసుకోవాల్సి వచ్చేది. గోల అయింది, 2021లో ఆ పరీక్షనే వెనక్కి తీసుకుని పాత వందకి వెళ్లారు, ఇప్పుడు 2025లో మళ్లీ 128. ప్రభుత్వం మారినప్పుడల్లా సిలబస్ మారడం మన రాష్ట్రాల్లో పాఠ్యపుస్తకాలు చూసినవాళ్లకి కొత్త కాదులెండి.

బావగారి మాటకి కూడా జవాబివ్వాలి కదా. ఊరికే ఇస్తారా అంటే, ఊరికే ఇవ్వట్లేదు. అయిదేళ్లు గ్రీన్ కార్డు మీద ఉండాలి, అందులో కనీసం సగం రోజులు ఆ గడ్డ మీదే ఉండాలి, ఫీజు కట్టాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఇక్కడి పౌరసత్వం వదులుకుంటానని చేయెత్తి ప్రమాణం చేయాలి. ఇంక దేశభక్తి అంటారా, మన పెద్దవాళ్లలో చాలామంది సిటిజన్‌షిప్ తీసుకునేది అమెరికా మీద ప్రేమ పొంగి కాదు, ఇండియాలో ఎక్కువ రోజులు ఉండటానికి! గ్రీన్ కార్డు మీద ఉంటే ఏడాది దాటి ఇక్కడ ఉండిపోతే కార్డుకే ఎసరు, ఆరు నెలలు దాటినా సిటిజన్‌షిప్ లెక్క చెడొచ్చు. సిటిజన్ అయిపోయి ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకుంటే వేసవి అక్కడ, సంక్రాంతి ఇక్కడ, అడిగేవాడు లేడు. ఏ పరీక్షా ఈ సంగతి పట్టుకోలేదు, పట్టుకోవాల్సిన అవసరమూ లేదు, అది మనిషి సొంత విషయం. కాకపోతే అమ్మగారితో ముందే చెప్పండి, తర్వాత ఇక్కడ ఓటు ఉండదు, కొత్తగా వ్యవసాయ భూమి కొనలేరు. ఊళ్లో పొలం పక్క బిట్టు బేరం మీద ఆశ ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఇక చేయాల్సినవి. ప్రశ్నలు రోజుకి అయిదారు చాలు, తెలుగులో అర్థం చెప్పి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పించండి, కానీ ప్రశ్నని రకరకాలుగా, వేరే వేరే గొంతులతో అడిగించండి, లేకపోతే పాట మారగానే లింకన్ వస్తాడు. గవర్నరు, సెనేటర్ల పేర్లు ఇంటర్వ్యూ రోజున ఎవరుంటే వాళ్లవే చెప్పాలి, నిరుటి కాగితం నమ్మొద్దు. ఎన్-400 ఫారం అన్నయ్యని ఒకటి ప్రింట్ తీసి అమ్మగారి చేతికి ఇమ్మనండి, అందులో ప్రతి ప్రశ్నా ఆవిడకి ఏంటో తెలిసేదాకా దరఖాస్తు పంపొద్దు. అర్థం కాకపోతే ‘మళ్లీ చెప్తారా’ అని ఇంగ్లిష్‌లో అడగడం నేర్పండి. తెలియకుండా ఎస్ అనేయడం కంటే అడగడం మేలు, అడిగితే మార్కులేం పోవు.

అన్నిటికంటే ముందు ఇంకోటి. ఈ ఆరేళ్లలో ఆవిడ హైదరాబాద్ వచ్చి ఎంతెంత కాలం ఉన్నారో పాస్‌పోర్టు ముద్రలు చూసి తేదీలు రాయండి. ఏ ఒక్క ట్రిప్పయినా ఆరు నెలలు దాటి ఉంటే ప్రశ్నలు చదివించడం ఆపి, ముందు అక్కడి ఇమిగ్రేషన్ లాయరుకి ఆ తేదీలు చూపించమని అన్నయ్యకి చెప్పండి. అది తేలాక మిగతా చదువు సంగతి మాట్లాడుకుందాం.